థర్మోకోల్ పిడి

ఎవరింటికి వెళ్లినా ఫెర్గస్ ముందు కప్పు తిరగేసి, అచ్చు వదిలిన అతుకు గీత మీద బొటనవేలు నడుపుతాడు. వస్తువుల డిజైనరుగా కుర్చీలతో మొదలై, ఆటబొమ్మల మీదుగా కెటిళ్ల దాకా వచ్చాడు. ఇప్పుడు చేస్తున్న కెటిల్ అతని పేరుతో వస్తున్న మొదటి వస్తువు. దానికి థర్మోకోల్‌తో పిడి చెక్కి ఆఫీసులో అందరి చేతుల్లోనూ పెట్టి చూశాడు. సోమవారం ఫ్యాక్టరీలో ఉక్కు అచ్చు కోస్తారు. ఆ తర్వాత పిడి మార్చడానికి ఉండదు. ముందు రోజు ఆదివారం, మెల్‌బోర్న్‌లో పక్కింటి నోరీన్‌కు చేత్తో చేసిన మొదటి నమూనా ఇచ్చాడు. ఆమె నిండా నీళ్లు కాచి ఎత్తబోతే మణికట్టు వాలిపోయి నీళ్లు బల్ల మీద ఒలికాయి.

"అందంగానే ఉంది నాయనా, షోకేసులో పెట్టుకుంటాలే. మీ ఆఫీసులో ఎవరూ టీ తాగరా?"

తాగుతారు. కానీ ఆ థర్మోకోల్ పిడి పట్టుకుని నిండు కెటిల్ ఎవరూ ఎత్తలేదు. ఆమె ఈసారి సగమే నింపి, రెండు చేతులతో ఎత్తి అతనికి టీ పోసింది. ఫెర్గస్ కప్పు ముట్టకుండా యజమానికి ఫోన్ చేశాడు.

"అచ్చు ఆపండి."