సాంబ్రాణి మీది నల్ల చుక్కలు

2022లో వానలు తగ్గి చలి మొదలయ్యే రోజులు. గిద్దలూరులో ఒక దినపత్రికకు విలేకరిగా పనిచేస్తున్నాను. అర్ధవీడు వైపు నుంచి చెన్నమ్మ అనే రైతు వచ్చి నా బల్ల మీద ఒక పొట్లం విప్పింది. నల్లమలలో దొరికే అందుగు చెట్టు జిగురు అది. మా వైపు దాన్నే సాంబ్రాణిగా నిప్పుల మీద వేస్తారు. ముక్కల మీద గుండుసూది తలల్లాంటి నల్ల చుక్కలున్నాయి.

"మస్తాన్ దుకాణంలో తెచ్చినానన్నా. మనవరాలికి నీళ్లు పోసి పొగేసేది దీంతోనే. ఏం కలిపినాడో చూడు."

"ఆయన్ని అడిగినావా?"

"అడిగితే, నేనేమన్నా చెట్టెక్కినానా అక్కా అంటాడు. ఎక్కనోడు అమ్మేదెందుకు?"

ఆరోపణ వస్తే అవతలి మనిషి మాట కూడా తీసుకోవాలి. దాన్ని మేం వెర్షన్ అంటాం. మస్తాన్ వెర్షన్ చిన్నది. "సరుకు వచ్చిందే అట్ల. కల్తీ అని ఒక్కసారి పేపర్లో పడితే గుడివాళ్లు కొనరు, దర్గావాళ్లు కొనరు. మా నాయన పెట్టిన దుకాణమన్నా ఇది."

మా వార్తలు దిద్ది శీర్షికలు పెట్టే డెస్క్‌లో మాత్రం "సాంబ్రాణిలోనూ కల్తీ" అని శీర్షిక తయారుగా ఉంది. కొంచెం ఆగమని చెప్పి, మార్కాపురంలో వృక్షశాస్త్రం చెప్పే లెక్చరర్ ద్వారా ఒక ముక్కను తెలిసిన ఒక పరిశోధకురాలికి పంపించాను. కొన్ని వారాలకు ఆమె ఫోన్ చేశారు.

"ఇది ఎవరూ కలిపింది కాదండీ. చెట్టు జిగురు మీదే బతికే ఫంగస్. చాలా సూక్ష్మజీవులు జిగురులో బతకలేవు. ఇది అక్కడే కాపురం పెట్టింది."

"దీని పేరేంటి?"

"జాతి పేరు ఇప్పుడే చెప్పలేను. జిగురు మీద బతికేవన్నీ ఒకే వంశం కాదు. వేర్వేరు వంశాలు ఎవరికి వారు ఈ బతుకు నేర్చుకున్నాయి. చూపుకు ఒకేలా ఉన్నా, ఎవరికి ఎవరేమవుతారో డీఎన్ఏ చూస్తేనే తేలేది. దీని డీఎన్ఏ చూసినంతవరకు, నిమ్మకాయ కుళ్లితే పట్టే పచ్చ బూజుకు ఇది దూరపు చుట్టం. చాలా దూరం. కోట్ల ఏళ్ల కింద గట్టిపడిన జిగురులోనూ ఇలాంటివి దొరికాయి."

పొగ పసిపిల్లలకు మంచిదా కాదా అన్నది తాను చెప్పగలిగింది కాదన్నారు. అదీ రాసుకున్నాను.

"కల్తీ కాదు, బూజు" అని వార్త రాసి మస్తాన్‌కు చెప్పాను. సంతోషిస్తాడనుకున్నా.

"కల్తీ అంటే తనిఖీ చేయించుకుని బయటపడతానన్నా. బూజు అంటే ఎవరు కొంటారు?"

"దూరపు చుట్టమేనని రాసినా కదా."

"మా చిన్నాయన కొడుకొకడు తాగి తిరుగుతాడు. మాకు మాటల్లేవు. నాకు పిల్లనిచ్చేవాళ్లు ఆ దూరం కొలిచినారా? వాడి సంగతే అడిగినారు."

బూజు బదులు శిలీంధ్రం అని పెడితే, పాఠంలా ఉందని డెస్క్ తిప్పి పంపింది. చివరికి "చెట్టు మీదే జిగురును ఆసరా చేసుకుని బతికే జీవి, దుకాణంలో కలిపింది కాదు" అన్న మాటలతో వార్త వచ్చింది. చుట్టరికం వివరాలు కింది పేరాలోకి పోయాయి.

తర్వాతి వారం ఆ దారిన వెళ్తే దుకాణం ముందు చెన్నమ్మ ఉంది.

"అది కాదు మస్తానూ, చుక్కలున్నది పెట్టు. అడవిలో పుట్టింది అదేనంట."

"రెండూ అడవివే అక్కా."

"నువ్వట్లనే అంటావులే. పేపర్లో వేసినారు."

మస్తాన్ నావైపు తిరిగినాడు. "విన్నావా అన్నా? పొద్దున్నుంచీ ఇదే. చుక్కల్లేనిది చూపిస్తే కల్తీ అంటున్నారు."

చుక్కల్లేనిదీ అసలైనదేనని ఇంకో వార్త ఇస్తానన్నాను.

"వద్దులే అన్నా" అని పొట్లం కట్టినాడు. "ఈసారి రాస్తే రెండూ కొనరు."

రాయలేదు. అప్పటి నుంచి వార్త పంపే ముందు ఒకటి చూసుకుంటున్నాను: ఇది చదివినవాళ్లు ఇందులో లేనిదాని గురించి ఏమనుకుంటారు?