చింతపండుతో తోమిన డాలర్లు

మా బావగారి మాసికం పెట్టిన మరుసటి శుక్రవారం మా అక్క ఒక పాలపొడి డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. రెండున్నర కిలోల డబ్బా. ఎత్తబోతే ఒక చేతికి లొంగలేదు. మూత తీయగానే పాత తాళాల గుత్తి వాసన వచ్చింది. లోపలున్నవన్నీ అమెరికా నాణేలు.

బావగారు కువైట్‌లోని అర్దియాలో ఒక ఏసీ వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా పనిచేశారు. సెలవు రోజున కోనసీమ వాళ్ళందరూ బంగారం దుకాణాలకు వెళితే ఆయన శుక్రవారం సంతకు వెళ్ళి, దేశం వదిలి వెళ్ళేవాళ్ళు అమ్ముకునే పాత సామాన్ల గుట్టల్లో చిల్లర ఏరుకునేవారు. ఇంగ్లీషు అంతంత మాత్రం, అమెరికా మీద ప్రత్యేకమైన అభిమానమూ లేదు. అయినా ఆ దేశపు నాణేలే కొనేవారు. ఎందుకని ఒకసారి అడిగితే, “బొమ్మలు బాగుంటాయి బావా” అన్నారు. అంతకంటే గట్టి కారణం ఆయన నోట నేనెన్నడూ వినలేదు.

ముప్పై ఏళ్ళ కాపురంలో వాళ్ళిద్దరి మధ్య చెప్పుకోదగ్గ తగవు ఈ డబ్బా ఒక్కటే. “బంగారం అమ్మే ఊళ్ళో చిల్లర కొన్న మగాణ్ణి నేను కట్టుకున్నాను” అనేది అక్క, వచ్చిన చుట్టాలందరి ఎదుటా. “నేను పోయాక తెలుస్తుంది దీని విలువ” అనేవారాయన, అదే చుట్టాలతో. ఎవరి మాటకు వాళ్ళు కట్టుబడి ఉండగానే ఆయన పోయారు. అక్క ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, ఆయన పేరు మీద ఉన్నది కనుక ఆమె కూడా డిసెంబరు నాటికి రాజమండ్రి వెళ్ళిపోవాలి.

“అమ్మిపెట్టరా తమ్ముడూ. ఆయనది పిచ్చో, నాకు తెలీకపోవడమో తేలిపోద్ది,” అంది.

“తేలితే ఏం చేస్తావక్కా?”

“పిచ్చని తేలితే నేను చెప్పానుగా అంటాను.”

“కాదని తేలితే?”

“తేలదులే” అంది అక్క.

నేను కువైట్ సిటీలో ఒక కార్యాలయంలో లెక్కలు చూస్తాను. లెక్క తేలని వస్తువు ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టదు. రెండు దినార్ల ముప్పావు పెట్టి ఒక చిన్న త్రాసు కొన్నాను. భూతద్దం మా ఇంట్లోనే ఉన్నది. అక్క ఇంటి భోజనాల బల్ల మీద వార్తాపత్రిక పరిచి, వరుసగా మూడు సాయంత్రాలు నాణేలు వేరుచేశాను. మొత్తం నాలుగు వందల పన్నెండు. అందులో మూడు వందల ఎనభై ఎనిమిది రాగి సెంట్లూ, నికెల్ బిళ్ళలూ. వాటి ధర వాటి మీద రాసి ఉన్నంతే. మొదటి రెండు సాయంత్రాలూ అక్క ముఖం ప్రసన్నంగా ఉన్నది.

మూడవ సాయంత్రం డబ్బా అడుగున ఒక పాత బనియను ముక్కలో ఇరవై నాలుగు వెండి డాలర్లు దొరికాయి. ఒక వైపు కిరీటం పెట్టుకున్న స్త్రీ ముఖం, రెండవ వైపు రెక్కలు చాచిన గద్ద. ఒక్కొక్కటీ ఇరవై ఆరు గ్రాముల డెబ్బై పాయింట్లకు అటూ ఇటూ తూగింది. పదింట తొమ్మిది వంతులు వెండి. గద్ద తోక కింద చిన్న అక్షరం ఉంటే అది టంకశాల గుర్తు. మూడు నాణేల మీద రెండేసి ‘సి’లు ఉన్నాయి. ఆ గుర్తు ఒక ఎడారి ఊళ్ళో కొద్దికాలమే నడిచిన టంకశాలదనీ, వాటికోసం సేకరణదారులు ఎగబడతారనీ చదివి తెలుసుకున్నాను. ఆ మూడింటి అంచుల వెంట నెమలికంఠం చీర రంగు తిరిగి ఉన్నది. లోపలంతా నలుపు.

అక్కను పిలిచి, నా అంచనా ఏడు వందల దినార్లు దాటుతుందని చెప్పాను. ఆమె బనియను ముక్కను మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

“ఈ నల్లబిళ్ళలకా?”

“నలుపు పోకూడదు. రసాయనాలేవీ వాడకూడదని రాశారు. అలాగే ఉంచు.”

“రసాయనాలు నా ఇంట్లో ఎక్కడున్నాయిరా,” అంది అక్క. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

నవంబరు రెండవ గురువారం సెలవు పెట్టి ఆమెను సూక్‌కు, అంటే పాత బజారుకు, తీసుకువెళ్ళాను. టాక్సీలో నాణేలు పట్టుసంచిలో పెట్టుకుని, తాంబూలానికి వెళుతున్నట్టు కూర్చుంది. అక్కడ నాణేల దుకాణం నడిపే పెద్దమనిషిది హైదరాబాదు. నలభై ఏళ్ళుగా కువైటీ సేకరణదారులకు నాణేలు అమ్ముతున్నాడు. చాయ్ తెప్పించి, అక్క మాట వినగానే నవ్వాడు.

“మీది గోదావరి దిక్కు గదా అమ్మా? ఆయ్ అంటరు మీరు.”

“అంటామండి, ఆయ్” అంది అక్క. సంచి విప్పి ఆకుపచ్చ గుడ్డ మీద కుమ్మరించింది.

దుకాణంలో దీపం ఇంకొకటి వెలిగిందనుకున్నాను. ఇరవై నాలుగు డాలర్లూ పెళ్ళిలో వెండి పళ్ళేల్లా మెరిసిపోతున్నాయి. నెమలికంఠం లేదు. నలుపు లేదు. స్త్రీ చెంప నున్నగా తళుక్కుమంటున్నది. పెద్దమనిషి చాచబోయిన చేతిని వెనక్కి తీసుకున్నాడు.

“ఎవరు కడిగిన్రమ్మా వీటిని?”

“నేనేనండి. కడిగిన ముత్యాల్లా లేవూ?”

“ముత్యాలు కడగొచ్చమ్మా. ఇవి కడగొద్దు.”

“మందులేం పెట్టలేదండి,” అంది అక్క, ముందుగా నా వైపు చూసి. “ఒట్టి చింతపండు. చివర్న కాస్త విభూది.”

“విభూది గూడ పెట్టినవా. పూజ మొత్తం అయిపోయింది ఇగ.”

భూతద్దం నాకిచ్చి చూడమన్నాడు. గద్ద రెక్కల మీద జల్లెడ తీగల్లాంటి సన్నని గీతలు, అన్నీ ఒకే వైపుకు, అక్క మణికట్టు తిరిగే దిశలో. అక్క దేవుడి గదిలోని పంచపాత్ర మీదా అవే గీతలు ఉంటాయి. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను.

“మా వైపు వెండి అమ్మడానికెళ్తే మురికికి తరుగు తీస్తారండి,” అంది అక్క. గొంతు తగ్గింది. “తోమకుండా తీసుకెళ్తే ఇంట్లో ఆడది లేదా అంటారు.”

“వెండి దుకాణంల మురికుంటే తరుగు తీస్తరు. మా దగ్గర మురికి లేకుంటే తీస్తం. నూరేండ్లు పట్టింది ఆ నలుపు ఎక్కనీకి. నువ్వు ఎంతసేపట్ల తీసినవ్?”

“ఒక సీరియల్ అయ్యేలోగా,” అంది అక్క.

అతను నవ్వకుండా ఉండటానికి చాయ్ తాగాడు. తరువాత కాగితం తీసుకుని ధర కట్టాడు. మామూలువి ఇరవై ఒకటి, వెండి తూకానికి ఏడేసి దినార్లు. రెండు ‘సి’ల మూడింటికీ గుర్తు మీది గౌరవం కొద్దీ ఇరవై అయిదేసి. వెరసి రెండు వందల ఇరవై రెండు. నేను కాగితం మడిచి లేవబోయాను. తెలియవలసినంత తెలిసిందని నా అభిప్రాయం. అక్క లేవలేదు.

“కడక్కపోతే ఎంతిచ్చేవారండి?”

“ఎందుకులే అక్కా” అన్నాను.

“నువ్వుండరా. చెప్పండి.”

పెద్దమనిషి నా వైపు ఒకసారి చూసి, అదే కాగితం వెనుక రాశాడు. మామూలువి పధ్నాలుగేసి. మూడింటికీ నూట యాభయ్యేసి. వెరసి ఏడు వందల నలభై నాలుగు.

“ఏడొందల నలభై నాలుగు,” అంది అక్క.

“అవునమ్మా. మంచి కన్నుంది కొన్నాయనకు. ఆ మూడు అందరికీ దొరకయి.”

“ఆ మాట ఇంకోసారి అనండి.”

“ఏ మాట?”

“కన్ను మాట.”

అతను అన్నాడు. అక్క కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. ఆమె ఏడుస్తుందని భయపడి జేబురుమాలు చేతిలోకి తీసుకున్నాను. దాని అవసరం రాలేదు.

“రెండొందల నలభై చెయ్యండి.”

“ఏమ్మా, తోమిన కూలి గూడ నా దగ్గర్నే తీస్కుంటవా?”

“చింతపండు కిలో ఎంతుందో మీకు తెలుసాండి?”

“రెండు వందల ఇరవై అయిదు. ఖలాస్.”

తిరుగు ప్రయాణంలో ఎర్రదీపాల దగ్గర ఆగినప్పుడల్లా ఆమె పట్టుసంచిలోని నోట్లు లెక్కపెట్టుకుంది. నేను మనసులో తీసివేత చేస్తూ కూర్చున్నాను. ఒక సీరియల్ ఖరీదు అయిదు వందల పంతొమ్మిది దినార్లు. మన రూపాయల్లో ఎంతవుతుందో కూడా వేశాను గాని, ఇక్కడ రాయను.

“ఆయనుంటే ఇవాళ ఇంట్లో కూర్చోనిచ్చేవాడు కాదురా,” అంది చివరికి. “చెప్పానా, చెప్పానా అని వందసార్లు అనేవాడు.”

“అనేవారు.”

“వంద తక్కువ. వీధిలో వాళ్ళని పిలిచి మరీ అనేవాడు.”

ఆ పై వారం ఆమెకు వీడ్కోలు చెప్పడానికి బావగారి వర్క్‌షాపు వాళ్ళూ, అక్క ఉండే భవనంలోని ఇరుగుపొరుగూ వచ్చారు. టీ తాగుతూ ఉండగా వాళ్ళలో ఒకాయన, ఎన్నో ఏళ్ళుగా ఈ తగవు విన్నవాడు, నవ్వుతూ అడిగాడు.

“ఏవమ్మా, మావాడి చిల్లర ఎంతకి పోయిందేంటి?”

“ఏడొందల నలభై నాలుగు దినార్లండి,” అంది అక్క.

“చిల్లరకే?” అన్నారెవరో. “చిల్లరంటారేంటండి,” అని అక్క అందుకుంది. ఎడారి ఊళ్ళో టంకశాల గురించీ, రెండు ‘సి’ల గురించీ నేను చెప్పినవన్నీ నాకంటే బాగా చెప్పింది. దుకాణందారు నోట వచ్చిన కన్ను మాట మూడుసార్లు చెప్పింది. వర్క్‌షాపు వాళ్ళు తలలూపారు. శుక్రవారం సంతలో ఆయన వెంట తిరిగి విసుక్కున్న ఒకతను, తాను ముందే గ్రహించానన్నాడు.

లెక్క తప్పు చెబితే వినలేని అలవాటు నాది. టీ కప్పులు తీసుకున్న నెపంతో వంటగదిలోకి ఆమె వెనకే వెళ్ళాను.

“అక్కా, మనకు వచ్చింది రెండు వందల ఇరవై అయిదు.”

“అది నా లెక్కరా,” అంది అక్క, కుళాయి తిప్పుతూ. “వాళ్ళడిగింది మీ బావ గురించి.”