సీలు చెదరకుండా

షెడ్డు తలుపుకు సీలు వేసినప్పుడు ఆమెను ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. వాహనాల తనిఖీ కార్యాలయం నుంచి ఇద్దరు వచ్చారు. గొళ్లేనికి తీగ చుట్టి, తీగ ముడి మీద లక్క కరిగించి పోసి, తలుపు మీద కాగితం అంటించి వెళ్లిపోయారు. ఆరోపణ ఏమిటంటే, ఆ షెడ్డులో ఒక ప్లంబరు మోటారు సైకిలుకు అనుమతికి మించిన కొలత పిస్టన్ వేసి, దాన్ని పందెం బండిగా మార్చారని. ఆధారం ఏమిటంటే, మోత. ప్లంబరు ఉండే వీధిలో ఎవరో ఆ చప్పుడు భరించలేక ఫిర్యాదు చేశారు. చప్పుడే నేరమైంది, చెవే సాక్షి అయింది. శిక్ష ముందు వచ్చి తలుపు మూసింది. విచారణ ఆ తర్వాత ఎప్పుడో తీరిగ్గా రావలసి ఉంది.

వీధి మొత్తానికి ఆమె గాస్కెట్ పిన్ని. వయసులో ఆమె కన్నా పెద్దవాళ్లు కూడా పిన్నీ అనే పిలుస్తారు. పెళ్లికి ముందు ఆమె గాస్కెట్లు కోసే కర్మాగారంలో పనిచేసింది. ఇంజిన్ సిలిండరుకూ, దాని మీద మూతలా కూర్చునే హెడ్డుకూ నడుమ ఒక పలుచని పొర ఉంటుంది. లోపలి మంట, పొగ బయటికి ఎగదన్నకుండా ఆపేది అదే. దాన్నే గాస్కెట్ అంటారు. అత్తవారింట్లో మామగారికి మరమ్మతు షెడ్డు ఉండేది, భర్తకు కుట్టుమిషను. తండ్రి పిలిచినప్పుడల్లా భర్త, "నూనె చెయ్యి తగిలితే జాకెట్టు గుడ్డ పాడైపోతుంది నాన్నా" అని తప్పించుకునేవాడు. విసిగిపోయిన మామగారు ఒకనాడు స్పానరు తెచ్చి కోడలి చేతిలో పెట్టారు. నాలుగు రోజుల మోజే అని పెదవి విరిచినవాళ్లే తర్వాత తమ బండ్లు తెచ్చి ఆమె గుమ్మంలో వరస కట్టారు.

ఆమెకు ఒక నియమం ఉండేది. హెడ్డు విప్పితే కొత్త గాస్కెట్ వేయాల్సిందే. "బాగానే ఉంది కదా పిన్నీ, పాతదే పెట్టెయ్" అని ఎవరైనా నసిగితే, "నలిగిన పొర మళ్లీ పొంగదు. తొందరగా ఉంటే నడిచి వెళ్లు, ఒంటికి మంచిది" అనేది. ఆ మొండితనమే ఆమెకు పేరుగా స్థిరపడింది.

ఇప్పుడు ఆమెను తొలుస్తున్నది వేరు. ప్లంబరు ఇంజిన్ పని ఆమె చేయలేదు. అప్పుడామె జ్వరంతో మంచం పట్టింది. షెడ్డులో ఆమెతో పాటు పనిచేసే మరిది ఒక్కడే ఆ ఇంజిన్ విప్పాడు, ఒక్కడే బిగించాడు. సీలు పడిన సాయంత్రం అతను గుండె మీద చెయ్యి వేసుకుని, "పిస్టన్ పాత కొలతదే వదినా, ఒట్టు" అన్నాడు. ఆమె నమ్మింది. కానీ ఆ తర్వాత అతని నోట మాట లేదు. స్పానరు జారినా, వాన పడినా, అన్న దగ్గినా ఏదో ఒక వెటకారం ఆడందే ఊరుకోని మనిషి, అన్నం ముందు కూర్చుని గోడ వైపు చూస్తున్నాడు. ఆరోపణ నిజమైతే షెడ్డు అనుమతి శాశ్వతంగా రద్దవుతుంది. అంతకన్నా ముందు, తన కంచం పక్కన కంచం పెట్టుకుని తినే మనిషి తనతో అబద్ధమాడినట్టవుతుంది. ఈ రెంటిలో ఏది పెద్ద నష్టమో ఆమె తేల్చుకోలేకపోయింది.

కార్యాలయానికి వెళ్లి ఆమె అడిగింది ఒక్కటే. "విని చెప్పడం కాదు మేడం, తెరిచి కొలవండి." కొత్తగా బదిలీ అయి వచ్చిన తనిఖీ అధికారిణి ఒప్పుకుంది. కార్యాలయంలో హెడ్డు విప్పేవాళ్లు లేరు కనుక విప్పే పని ఆమె మీదే పడింది. నింద మోపినవారు రుజువు చూపాలన్నది న్యాయం. నింద పడినవారే తమ స్పానరు తెచ్చుకుని తమ నిర్దోషిత్వాన్ని విప్పి చూపాలన్నది ఆ కార్యాలయపు ఆచారం. పిన్ని దాని మీద వాదన పెట్టుకోలేదు. సంచి భుజాన వేసుకుని, మరిదిని వెంటబెట్టుకుని వెళ్లింది.

కార్యాలయం వెనక ఆవరణలో, స్వాధీనం చేసుకున్న ప్లంబరు బండి మీద పట్టా కప్పి ఉంది. ప్లంబరు అప్పటికే వచ్చి గోడ నీడలో గొంతుకూర్చున్నాడు. అటెండరు పట్టా లాగేశాడు.

"ఇంజిన్ దించి ఆ బల్ల మీద పెట్టండి. అందరికీ కనబడుతుంది" అంది అధికారిణి.

"దించకూడదు మేడం. మీ కాగితమే ఒప్పుకోదు" అంది పిన్ని.

ఇంజిన్‌ను బండి చట్రానికి పట్టి ఉంచే బోల్టుల మీద కూడా కార్యాలయం వాళ్లు తీగ చుట్టి లక్క వేశారు. తనిఖీ పూర్తయ్యేదాకా ఇంజిన్‌ను చట్రం నుంచి వేరు చేయరాదని ఉత్తర్వు. అధికారిణి ఆ వాక్యం మళ్లీ చదివి, కళ్లజోడు సర్దుకుంది. "నిజమే. మా తీగ మాకే అడ్డం వచ్చింది."

"సీలు తెగితే, రాత్రికి రాత్రి పిస్టన్ మార్చేశారని రేపు ఇంకొకరంటారు. ఆ మాట నాకొద్దు. బండిలో ఉండగానే హెడ్డు తీస్తాను."

అటెండరు వంగి చూశాడు. "పైన చట్రం గొట్టం అడ్డంగా ఉంది కదమ్మా. హెడ్డు పైకెలా లేస్తుంది?"

"మంచం కింద పెట్టెను పైకెత్తి తీస్తావా బాబూ? పక్కకి వాల్చి లాగుతావు కదా. ఇదీ అంతే."

పని మొదలుపెట్టే ముందు ఆమె సంచిలోంచి కాగితంలో చుట్టిన కొత్త గాస్కెట్ తీసి స్టూలు మీద పెట్టింది. "తెరిచానంటే మూసే పూచీ కూడా నాదే మేడం" అంది. మరిది ఆ గాస్కెట్ వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

పెట్రోలు ట్యాంకు దించింది. ప్లగ్గు, పొగగొట్టం, కార్బొరేటరు ఒక్కొక్కటిగా ఊడదీసి, ఏ బోల్టు ఏ రంధ్రానిదో తెలిసేలా గుడ్డ మీద అమర్చింది. అప్పుడు కనబడింది, హెడ్డు కింది అంచున నల్లటి మసి చార. ఆమె వేలితో రాసి చూసి మరిది వైపు తిరిగింది. అతను శుభ్రంగానే ఉన్న స్పానరును మళ్లీ తుడుస్తున్నాడు.

"పందెం బండట మేడం" అన్నాడు ప్లంబరు, ఇక ఉండబట్టలేక. "ఎత్తు వస్తే నేను దిగి తోస్తున్నా. పైపులు బండి మీద, బండి నా మీద."

"మరి షెడ్డుకు తీసుకురాలేదేం?" అంది పిన్ని.

"తెచ్చాను పిన్నీ. మీ మరిది రేపు రమ్మన్నాడు. రేపొస్తే ఎల్లుండి అన్నాడు. నువ్వు లేని వేళ చూసి రమ్మని కూడా అన్నాడు."

ఆమె చేతిలో స్పానరు ఒక్క క్షణం ఆగింది. నిజానికి ఆ క్షణంలోనే ఆమె మనసులో షెడ్డు మూతపడిపోయింది. అయినా చెయ్యి మళ్లీ కదిలింది. హెడ్డు పైమూత తీసి, లోపల పంటిచక్రం మీద తిరిగే చైను వదులు చేసింది. ఆ చైను చేయి జారి కింద పడితే ఇంజిన్ పొట్టలోకి పోతుంది. ఇంజిన్ దించకుండా దాన్ని మళ్లీ పైకి తేవడం నరకం.

"బాబూ, ఒక మూరెడు తీగ ఇస్తావా? మా షెడ్డుకు చుట్టగా మిగిలే ఉంటుంది కదా."

అటెండరు నవ్వాపుకుంటూ సీలు తీగ ముక్క తెచ్చాడు. చైనును ఆ తీగతో చట్రం గొట్టానికి కట్టేసి, హెడ్డు నట్లను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా వదులు చేసింది. ఆ నట్లు ఎక్కే మరల కడ్డీల్లో, అంటే స్టడ్డుల్లో, ఒకటి మరీ పొడుగ్గా ఉండి హెడ్డును ఎత్తనివ్వలేదు. దాని మీద రెండు నట్లు ఒకదానికొకటి బిగించి, కింది నట్టు పట్టి తిప్పితే స్టడ్డే మరమేకులా తిరుగుతూ ఊడి వచ్చింది. అయినా హెడ్డు కదల్లేదు. కొయ్య సుత్తితో నాలుగు పక్కలా తట్టింది. ఉండాల్సిన దానికన్నా గట్టిగా అంటుకుని ఉంది. చివరికి చప్పుడు చేస్తూ విడిపోయింది. దాన్ని పక్కకి వాల్చి, చట్రం గొట్టం కిందుగా, నిద్రపోతున్న పిల్లను పక్కలోంచి తీసినట్టు బయటికి తీసింది.

పిస్టన్ మీద మసి పేరుకుని ఉంది. గుడ్డతో తుడిచింది. పెద్ద కొలత పిస్టన్ అయితే నెత్తిన అంకె చెక్కి ఉంటుంది. నున్నగా ఉంది. ఆమెకు నమ్మకం చాలక మళ్లీ తుడిచింది. ఏ అంకే లేదు. చైను బిగువుగా పట్టుకుని, కిక్కు రాడ్డు మెల్లగా నొక్కి పిస్టన్‌ను కాస్త కిందికి దించింది. అధికారిణి వెర్నియరు కొలబద్ద తీసి సిలిండరు నోరు అడ్డంగా, నిలువుగా కొలిచింది. పుస్తకంలోని అంకెతో సరిచూసి, మళ్లీ కొలిచింది.

"అనుమతించిన కొలతే. ఆరోపణ నిలవదు."

పిన్ని నేల మీద చతికిలబడింది. మరిది మాత్రం ఇంకా తల ఎత్తలేదు.

అప్పుడు ఆమె సిలిండరు అంచున అంటుకున్న గాస్కెట్‌ను మెల్లగా ఒలిచింది. చుట్టూ దట్టంగా బంక పూసి ఉంది. ఒక పక్క కాలిపోయి సందు పడింది. మసి చార సరిగ్గా అక్కడే. పొర మీద నలిగిన గుర్తులు ఒక వరస కాదు, రెండు వరసలు. అది పాతది. మళ్లీ వేసినది. ఆ సందులోంచి ఎగదన్నిన పొగే వీధిని బెదరగొట్టిన మోత.

అధికారిణి తన నివేదిక రాసుకుంటోంది. ఆ పొర గురించి ఎవరూ అడగలేదు. సంచిలో వేసుకుంటే అక్కడితో సరి.

"మేడం, ఇది కూడా రాయండి. ఫిర్యాదు చేసినాయన చెవి అబద్ధమాడలేదు. చప్పుడు నిజమే. మా షెడ్డులో పాత గాస్కెట్ వేశారు. తప్పు మాదే."

"అది నేరం కాదమ్మా. రాయక్కర్లేదు."

"రాయండి. మీరు సగం నిజం రాస్తే, మిగతా సగం మా వీధి వాళ్లు వాళ్లకిష్టమొచ్చినట్టు రాసుకుంటారు."

అధికారిణి ఆమె వైపు ఒకసారి చూసి, ఆ వాక్యం కూడా చేర్చింది.

మరిది చివరికి స్పానరు కింద పెట్టాడు. "ఆ పూట కొత్తది దొరకలేదు వదినా. ఈయనేమో పని పోతుందని ప్రాణం తీశాడు. బంక రాస్తే ఆగుతుందనుకున్నా."

"మరి ఇన్నాళ్లూ నోరు కుట్టేసుకున్నావేం? మీ అన్న దగ్గర దారం తెచ్చుకున్నావా?"

"పిస్టన్ గురించి అడిగావు, ఒట్టేసి చెప్పాను. గాస్కెట్ గురించి అడగలేదు కదా."

"అది అడగాల్సి వస్తుందని ఈ జన్మలో అనుకోలేదయ్యా, మహానుభావా!"

తిట్టబోయిన నోటికి నవ్వొచ్చింది. అతను దాచింది ఇదా! ఇంత చిన్నదా! నవ్వు ఆగక కళ్లలో నీళ్లు తిరిగాయి. మోచేత్తో తుడుచుకుంటే బుగ్గకు మసి అంటింది. ఆమె ఆ పాత పొరను అతని మణికట్టుకు తొడిగింది. సిలిండరు నోటికని చేసిన రంధ్రం కడియంలా పట్టేసింది.

"ఇల్లు చేరేదాకా తీశావో, చూడు."

కొత్త గాస్కెట్‌తో అంతా మళ్లీ బిగించేసరికి ఎండ గోడ దిగింది. అటెండరు బోల్టుల మీద లక్క చూసి, "చెక్కు చెదరలేదు మేడం" అన్నాడు.

"సరే, స్టార్ట్ చేయండి" అంది అధికారిణి.

"చేశాను మేడం" అంది పిన్ని.

అటెండరు నమ్మలేక ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి ఇంజిన్ అదురు చూశాడు. ప్లంబరు బండెక్కి, కార్యాలయం ముందరి ఎత్తు మీదకి దిగకుండా వెళ్లిపోయాడు. మలుపులో చెయ్యి ఊపాడు.

ఆ సాయంత్రమే షెడ్డు సీలు తెంచారు. మూసేటప్పుడు అంటించిన కాగితంలో కారణం లేదు. తెరిచేటప్పుడు ఇచ్చిన కాగితంలో క్షమాపణ లేదు. పిన్ని ఆ రెండో కాగితాన్ని మడిచి సంచిలో వేసి, గుమ్మం మీద రాలిన లక్క ముక్కలు ఊడ్చేసింది.

"చేతికి అదేంట్రా?" అన్నాడు భర్త, కుట్టుమిషను ఆపి.

"వదిన తొడిగిన కడియం అన్నయ్యా. నీ పెళ్లాం నీకు ఒక్క గుండీ అయినా పెట్టిందా ఇన్నేళ్లలో? నాకు చూడు..." అని మరిది మొదలుపెట్టాడు. కార్యాలయం సంగతి, అటెండరు అరచెయ్యి, ప్లంబరు ఎక్కిన ఎత్తు, మధ్యలో తనకు వేసిన ఆకలి, అన్నీ కలిపి దంచుతున్నాడు. మామూలు రోజైతే ఆమె ఎప్పుడో నోరు మూయమనేది. ఇప్పుడు చేతులు కడుక్కుని, గుమ్మంలో కూర్చుని, అతన్ని ఆపకుండా వినసాగింది.