పక్కకి చూసే అలవాటు

డాక్టర్ నా నాలుక మీద చెక్కపుల్ల ఆనించగానే, ఆ పొడి చెక్క రుచికి హైమవతి ఆంటీ గుర్తొచ్చింది. ఎల్లుండి నాటకం. నాలుగు రోజులుగా గొంతు పట్టేసింది. పైగా వెయిటింగ్ రూంలో నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. గొంతు గురించి నాకు దిగులు పుట్టినప్పుడల్లా ఆమె నా తలలోకి వచ్చి కూర్చుంటుంది.

ఐదో ఏటి నుంచి తొమ్మిదో ఏటి దాకా నేను మద్రాసులో సినిమాల్లో వేశాను. తెర మీద పేరు ‘బేబీ కౌముది’. నాన్నకి అమెరికాలో ఆస్పత్రి ఉద్యోగం వచ్చి, షికాగో దగ్గరి అరోరా చేరాక సినిమాలు ఆగాయి గాని, ఆ ‘బేబీ’ ఆగలేదు. ఎనభైల మొదట్లో, నా ఇరవై రెండో ఏట, షికాగోలో ఒక నాటక సంస్థ ఆడిషన్‌కి పిలిచింది. అప్పటికే మూడుచోట్ల కాదన్నారు. ఇదీ పోతే నోరు మూసుకుని ఫార్మసీ చదవాలని నాన్న షరతు.

దానికి నెల ముందు, ఉగాదికి, ఒక స్కూల్ ఆడిటోరియంలో తెలుగువాళ్లందరం కలిశాం. ‘మన బేబీ కౌముది’ అని మైకులో పిలిచి చిన్నప్పటి డైలాగ్ చెప్పమన్నారు. చెప్పాను. హాలు చప్పబడిపోయింది. “గొంతు మారిపోయిందమ్మా” అన్నాడు ముందు వరసలో ఓ అంకుల్, నేనేదో పారేసుకున్నట్టు. వెనక నుంచి హైమవతి ఆంటీ, “మారలేదండీ. సినిమాలో గొంతు ఈ పిల్లది కాదు. ఎవరో పెద్దావిడ డబ్బింగ్ చెప్పింది” అంది. అందరూ నవ్వారు. నవ్విన వాళ్లలో పదకొండు మంది పేర్లు ఇప్పటికీ చెప్పగలను.

ఆమె ఆస్పత్రిలో స్పీచ్ థెరపిస్ట్. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లకి మళ్లీ మాట నేర్పేది. ఆ శనివారమే వాళ్లింటికి వెళ్లి, వంటింట్లో నిలబడి ఆమెని కడిగేశాను. ఆమె గోరుచిక్కుళ్లు తుంచుతూనే ఉంది.

“అయిందా?”

“కాలేదు” అని ఇంకో ఐదు నిమిషాలు తిట్టాను.

“స్టేజ్ మీద నాలుగు ముక్కలకి ఆరుసార్లు పక్కకి చూశావు. ఇక్కడ ఇంతసేపు తిట్టావు, ఒక్కసారీ చూడలేదు. అక్కడ ఎవరున్నారని చూస్తావు కౌముదీ?”

అప్పటిదాకా నేను చూస్తున్నానని నాకే తెలియదు. షూటింగ్‌లో కెమెరా పక్కన అసిస్టెంట్ డైరెక్టర్ నిలబడి ఒక్కో మాటా అందించేవాడు. నేను ఆయన నోటి వంక చూసి అప్పజెప్పేదాన్ని. ఆ సంగతి చెప్పాను.

“ఆయనింక రాడు. రేపట్నుంచి నువ్వు రా” అంది.

వెళ్లాను. ఆస్పత్రి నుంచి తెచ్చిన చెక్కపుల్ల పళ్ల మధ్య పెట్టుకుని, గోడ వైపు తిరిగి, పేపర్లో కిరాణా ప్రకటనలు పైకి చదవాలి. ఆమె నా వెనక కూర్చునేది. “ఉల్లిపాయలు అమ్ముతున్నావా, అడుక్కుంటున్నావా?” అనేది. చాలాసార్లు ఏడుస్తూ ఇంటికి వచ్చాను.

ఆడిషన్‌కి ఆమే డ్రైవ్ చేసి తీసుకెళ్లింది. లోపలికి రమ్మని బతిమాలాను. “నేనొస్తే నా వైపు చూస్తావు” అని కార్లోనే కూర్చుని రేడియో పెట్టుకుంది. లోపల ఖాళీ కుర్చీల మధ్య ముగ్గురు మనుషులు. మొదటి మాట రాలేదు. కళ్లు ఎడమ పక్కకి వెళ్లాయి. అక్కడ గోడకి మంటలార్పే ఎర్ర సిలిండర్ వేలాడుతోంది. నన్నిక్కడ వదిలేసి బయట వార్తలు వింటోందని ఒళ్లు మండింది. ఆ మంటతోనే మొదలుపెట్టాను.

ఒక పొరుగింటామె వేషం, ఏడు మాటలు ఇచ్చారు. కరపత్రంలో ‘బేబీ’ లేకుండా నా పేరు పడింది. మొదటి ప్రదర్శన అయ్యాక ఆంటీ దగ్గరికి పరిగెత్తాను. “రెండో మాట మింగేశావు” అంది, అంతే. ఆమె పోయి చాలా ఏళ్లయింది. బాగా చేశావని ఒక్కసారైనా అనకుండానే పోయింది. అది నేను మరిచిపోలేదు.

డాక్టర్ పుల్ల తీసి, రెండు రోజులు మాట్లాడొద్దన్నాడు. నా కళ్లు పక్కకి వెళ్లాయి, ఇన్నేళ్ల తర్వాత కూడా. అక్కడ చేతులు కడుక్కునే సింకు ఉంది. ఎల్లుండి ఈ గొంతు పలుకుతుందో లేదో తెలియదు. డాక్టర్ వైపు తిరిగి, నలభై నిమిషాలు కూర్చోబెట్టిన సంగతి ఎత్తాను. బొంగురుగానే, ఒక్క మాటా మింగకుండా.