కోడి తరలింపుకు పదకొండు ట్రయళ్లు

మా బాబాయి ట్రయల్ వేయకుండా ఏ పనీ చేయడు. ముప్పై ఏళ్లు లిఫ్టుల మెకానిక్కుగా పనిచేసిన మనిషి. మనుషుల్ని ఎక్కించే ముందు ఇసుక బస్తాలు ఎక్కించి, పైకీ కిందికీ తిప్పి చూడడం ఆ ఉద్యోగంలో రూలు. రిటైరయ్యాక ఉద్యోగం పోయింది గానీ రూలు పోలేదు. చుట్టాలందరికీ ఆయన ట్రయల్ బాబాయే.

మా అక్క పెళ్లికి ముందురోజే పిన్నిని వెంటబెట్టుకుని హాలుకి వెళ్లాడు. ఖాళీ కుర్చీల్లో పది నిమిషాలు కూర్చున్నారు. అక్కడినుంచి భోజనాల గదికి, ఆ తర్వాత చేతులు కడుక్కునే చోటికి నడిచారు.

"పెళ్లి రేపండీ" అన్నాడు వాచ్‌మన్.

"తెలుసు. ఇవాళ ట్రయల్" అన్నాడు బాబాయి.

ఆ మాట చెప్పుకుని నెలరోజులు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. పిన్నికి పన్ను పీకించాల్సి వచ్చినప్పుడూ అంతే. ముందురోజు తీసుకెళ్లి, డాక్టరుగారి కుర్చీ ఎక్కించి, దించి, ఇంటికి తీసుకొచ్చేశాడు.

కిందటి నెల నేను వెళ్లేసరికి ఆ ఇంట్లో కోడి గొడవ నడుస్తోంది. పిన్ని పెంచుకుంటున్న నల్లకోడి పెరటి చివర కట్టెల సందులో తొమ్మిది గుడ్లు పెట్టి పొదుగుతోంది. ముంగిస వచ్చి రెండు ఎత్తుకుపోయింది. మిగిలిన ఏడూ దక్కాలంటే కోడినీ గుడ్లనూ తలుపున్న సామాన్ల గదిలో గడ్డి పరిచిన పెట్టెలోకి మార్చాలి. పగలు మారిస్తే కోడి లేచి పాత చోటికే పరుగెడుతుంది కాబట్టి మసక చీకట్లోనే మార్చాలి. గుడ్లు చల్లారకముందే దాన్ని మళ్లీ వాటిమీద కూర్చోబెట్టాలి. అదేమో పిన్ని చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యి తగిలినా రక్తం కళ్లచూస్తుంది. పిన్నికి దిగులుతో అన్నం సహించడం లేదు.

"ఐతే సాయంత్రం దాకా ట్రయళ్లు" అన్నాడు బాబాయి.

కోడి బదులు రెండు కిలోల ఇసుక మూట. గుడ్ల బదులు ఏడు బంగాళాదుంపలు. దుంపల బుట్టతో నేను ముందు, మూటతో పిన్ని వెనక, పక్కన అడుగులు లెక్కపెడుతూ బాబాయి.

"ఏడు, ఎనిమిది, తొమ్మిది. గడప! కాలెత్తు. ఇక పదమూడు దాకా చదును. కుడికి తిరుగు. వంగు. పెట్టె మోకాలి ఎత్తులో ఉంది."

"మూట కాబట్టి ఊరుకుంది బాబాయ్. కోడి ఐతే గింజుకోదూ?" అన్నాను వేళాకోళంగా.

"నిజమేరోయ్" అని, తర్వాతి ట్రయల్లో నా చేతికి పెన్సిలిచ్చి పిన్ని మోచేతిని పొడుస్తూ నడవమన్నాడు.

ఎనిమిదోసారికి నా ఓపిక చచ్చింది. "ఇంకా ఎన్నిసార్లు బాబాయ్? ఈ దుంపలు పిల్లల్ని చేసేలా ఉన్నాయి."

"నా బుర్రకి తొందరగా ఎక్కదురా. ఇంకొక్కసారి."

మొత్తం పదకొండయ్యాయి.

పొద్దుగూకాక అసలు పని. నేను గుడ్లు తెచ్చి, పెట్టెలో గడ్డిమీద పేర్చి పక్కకి జరిగాను. పిన్ని కోడిని గుండెలకు హత్తుకుని వస్తోంది. దారికి అడ్డంగా నేను విడిచిన చెప్పు ఉంది. వరండా దీపం వెలుతురులో నాకు బాగానే కనిపిస్తోంది. పిన్ని తిన్నగా దానిమీదికే వస్తోంది. బాబాయి లెక్క ఆపకుండానే వంగి చెప్పు తీసేశాడు. "తొమ్మిది" అనగానే పిన్ని కాలు లేచి గడప దాటింది. చూపు మాత్రం కిందికి దిగలేదు. పెట్టె దగ్గర వంగి, అంచు తడిమి చూసుకుని కోడిని దించింది. అది కాసేపు గుర్రుమని, రెక్కలు విప్పి, ఏడు గుడ్లనూ కడుపు కిందికి లాక్కుంది.

బాబాయిని పక్కకి పిలిచి, "పిన్నికి చూపు..." అన్నాను.

"రెండేళ్లుగా తగ్గుతోంది. ఇక బాగుపడదన్నాడు డాక్టరు. నలుగురిలో తడుముకోవడమంటే మీ పిన్నికి నామోషీరా. నాకు పిచ్చని నవ్వుకుంటే పోయేదేముంది?"

నాకు సిగ్గేసింది. అక్క పెళ్లిలో పిన్ని ఎవరి చెయ్యీ పట్టుకోకుండా హాలంతా తిరిగింది. మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

బాబాయి చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే పిన్ని గొంతు తగ్గించింది.

"మీ బాబాయితో అనకు. మూడోసారికే నాకు దారంతా వచ్చేసింది."

"మరి మిగతా ఎనిమిదిసార్లు ఎందుకు నడిచావు?"

"నేనెక్కడ పడిపోతానోనని ఆయనకి ఒకటే బెంగ నాన్నా. అది తీరేదాకా నడిచాను" అంది పిన్ని.