కరుణ గారూ, ఇంకా బస్సు దొరకలేదా?

నిన్న ఫోన్లో నా పరువు ఎలా పోయిందో చెప్తాను, నవ్వకండి. సరే, నవ్వండి, టీ మాత్రం ఒలకబోసుకోకండి.

మా బందరు ఇన్‌స్టిట్యూట్‌లో నాతోపాటు కంప్యూటర్ పాఠాలు చెప్పిన కరుణ గారు తెలుసుగా? రోజూ గుడివాడ నుంచి బస్సులో వచ్చేవారు. లేటైతే నేను గుమ్మంలో నిలబడి, "కరుణ గారూ, ఇంకా బస్సు దొరకలేదా?" అని గొణుక్కునేవాణ్ణి. ఆవిడకి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, వెళ్లిపోయారు. చెప్పాల్సిన మాట నా గొంతులోనే ఉండిపోయింది. ఆ బస్సు టైముకి నా కళ్లు ఇప్పటికీ గుమ్మం వైపే వెళ్తాయండీ.

ఆ దిగులు మరిచిపోదామని ఒక స్క్రిప్టింగ్ ఇంజన్ రాశాను. వెబ్ సర్వర్ లోపల కూర్చుని, ఎవరేం అడిగితే ఆ పేజీ తయారుచేసి పంపుతుంది. స్క్రిప్టు ఎక్కడైనా ఇరుక్కుపోతే ముప్పై సెకన్లు చూసి, ఎర్రర్ మెసేజ్ ఇస్తుంది. టెస్టింగ్‌లో ఆ మెసేజ్ చోట ఏం పెట్టాలో తోచలేదు. చెయ్యి దానంతటదే కొట్టేసింది, ఇంగ్లిష్ అక్షరాల్లో: "కరుణ గారూ, ఇంకా బస్సు దొరకలేదా?"

మా అవనిగడ్డ బావ ఊరుకోడుగా. "దాచుకుని ఏం చేస్తావోయ్? ఓపెన్ సోర్స్ చేసెయ్, నలుగురూ వాడుకుంటారు" అన్నాడు. సోర్సు మొత్తం నెట్‌లో పెట్టేశాను. ఆ ఒక్క లైను మార్చడం మర్చిపోయాను.

నలుగురూ నిజంగానే వాడారు. జర్మనీ నుంచి ఒకాయన, ఇంజన్ వాడేవాళ్ల మెయిలింగ్ లిస్టులో రాశాడు: "పొద్దున్నించీ నా సర్వర్‌కి కరుణ వస్తోంది, ఏం చెయ్యాలి?" బ్రెజిల్ ఆయన జవాబు: "మెమరీ పెంచి చూడు, కరుణ పోతుంది." నా ఖర్మ కాకపోతే, నేనిక్కడ ఆవిడ రాక కోసం చూస్తుంటే వాళ్లక్కడ పంపించేసే ఉపాయాలు చెప్పుకుంటున్నారు.

నిన్న ఇన్‌స్టిట్యూట్‌కి ఫోన్ వచ్చింది. తీశాను. కరుణ గారే.

"ప్రసాద్ గారూ, మొన్న మా ఆఫీసులో సర్వర్ ఆగిపోయి స్క్రీన్ నిండా నా పేరు వచ్చింది. ఎవరు రాశారా అని చూస్తే కింద మీ పేరుంది."

నా కళ్లు గుమ్మం వైపు వెళ్లాయి.

"బస్సు దొరికిందండీ" అన్నారు మెల్లగా. "గుడివాడలో మా ఇంట్లోనే ఉన్నాను. మీరింకేమైనా అడగాలా?"

ఇన్నాళ్లూ నేను కోరుకున్నది ఆ ఒక్క ప్రశ్నే కదండీ. రిసీవర్ చెవికి నొక్కిపెట్టుకుని నిలబడ్డాను. ఆవిడ చాలాసేపే ఆగారు, పాపం.

"ప్రసాద్ గారూ, ఇంకా మాట దొరకలేదా?" అని ఫోన్ పెట్టేశారు.

నాకంటే నా ఇంజనే నయం. ముప్పై సెకన్లకైనా నోరు విప్పుతుంది.