పది వాక్యాలకు పది చుక్కలు

చుక్కల మాస్టారికి ఇంగ్లీషు రాదనీ, కాగితం ఇస్తే ఊరికే చుక్కలు పెట్టి పంపిస్తాడనీ మా వీధిలో ఒక మాట తిరిగింది. అది పచ్చి అబద్ధం. ఎంత పచ్చిదో రూఢిగా చెప్పగల మనిషి వీధి మొత్తానికి ఒక్కతే, మూడో నంబరు ఇంటి పెద్దమ్మ. ఎందుకంటే ఆ మాటను కని, పెంచి, ఇంటింటికీ సాగనంపింది ఆవిడే.

పెద్దమ్మ చదివింది ఐదో క్లాసు. అందులోనూ చివరి పరీక్ష రోజున దారిలో ఎవరో పోట్లాడుకుంటుంటే ఎవరిది తప్పో తేలేదాకా నిలబడిపోయి, సగం పరీక్షే రాసింది. చదువు అక్కడ ఆగిపోయింది గానీ నిలబడి చూడడం మాత్రం ఆగలేదు. ఎవరింటికి కొత్త పరుపు వచ్చింది, ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం మానేసింది, అన్నీ ఆవిడకు కావాలి. దాన్ని ఆరా తీయడం అంటే ఒప్పుకోదు. "మంచీ చెడ్డా కనుక్కోవాలి కదమ్మా" అంటుంది.

మాస్టారు సరిగ్గా ఆవిడ గుమ్మానికి ఎదురుగా, మెట్ల కింది గదిలో ఉంటాడు. మాస్టారన్న పేరే గానీ ఏ బడిలోనూ పాఠం చెప్పినవాడు కాదు. అచ్చాఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు ఇంగ్లీషు ప్రూఫులు చూశాడు. కిందటేడు అచ్చాఫీసు మూతపడితే ఇంటికి వచ్చేశాడు. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి కాలు కుంటే స్టూలు, వీపు ఊడిపోతే గుడ్డ పట్టీ వేసి అతికించిన డిక్షనరీ. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు. స్నానానికి వెళ్ళినా అది అక్కడే ఉంటుందని పెద్దమ్మ నమ్మకం. చూడలేదు గానీ, నమ్మకం.

వీధిలో ఎవరికి ఇంగ్లీషు కాగితంతో పని పడ్డా ఆయన దగ్గరికే వెళ్ళేవారు. సెలవు చీటీలు, ఉద్యోగాల దరఖాస్తులు, అద్దె ఇంటి ఒప్పందాలు. ఆయన కాగితాన్ని బల్ల మీద పరిచి, అట్టముక్క అడ్డం పెట్టి, ఆఖరి వాక్యం నుంచి మొదటి వాక్యానికి ఎదురు చదువుతాడు.

"అదేం చదువు మాస్టారూ, తోక నుంచి తలకి?" అని పెద్దమ్మ ఒకసారి కిటికీలోంచి అడిగింది.

"పైనుంచి చదివితే సంగతిలో పడిపోతాం పెద్దమ్మగారూ. సంగతిలో పడ్డామా, ఇక తప్పు కంటికి ఆనదు."

తప్పున్న మాట కింద ఆవగింజంత చుక్క పెడతాడు. అంతే. దిద్దడు. దిద్దుకోవలసింది రాసినవాళ్ళే. అచ్చాఫీసులో పట్టుబడ్డ అలవాటు అది. రాసినాయన ఒప్పుకోకుండా అక్షరం కదపకూడదట అక్కడ. "మీ కూరలో ఉప్పు తక్కువైందని చెబుతాను గానీ, మీ వంటింట్లోకి వచ్చి నేను వెయ్యనుగా" అంటాడు. ఆ చుక్కలకు చోటూ వేళా లేదు. ఒకసారి కుట్టుమిషన్ ఆవిడ కొత్త బోర్డు మీద సుద్దతో చుక్క పెట్టి వెళ్ళాడు. ఆవిడ కాకి పనేమో అనుకుని తడిగుడ్డతో తుడిచేసింది. మర్నాడు మళ్ళీ అక్కడే చుక్క! నాలుగు రోజులు కాకిని తిట్టాక, ఐదో రోజున సుద్దముక్కతో సహా ఆయన్ని పట్టుకుంది.

ఇలా ఉండగా, రెండు వీధుల అవతల బడిలో ప్రశ్నపత్రాలు అచ్చుకి వెళ్ళేముందు సరిచూసే మనిషి కావాలన్నారు. మాస్టారు దరఖాస్తు పెట్టాడు. అచ్చాఫీసు మూశాక ఆయన తెల్లచొక్కా ఇస్త్రీకి ఇవ్వడం అదే మొదటిసారని ఇస్త్రీ అతను పెద్దమ్మకు చెప్పాడు. ఆయన ఆ రోజు నుంచీ ఉదయమే గడ్డం గీసుకుని, చొక్కా తొడుక్కుని, ఎవరో పిలుస్తారన్నట్టు కుర్చీ అంచున కూర్చునేవాడు. బడి హెడ్మిస్ట్రెస్ సోమవారం తేల్చి చెబుతానంది. ఈలోగా దారిలో పెద్దమ్మ కనబడితే, "మీ ఎదురింటాయన ఎలాంటివారండీ?" అని అడిగింది.

మనిషి మంచివాడని పెద్దమ్మ ఠక్కున చెప్పగలదు. కానీ ఇంగ్లీషు? ఆ ఒక్కటీ ఆవిడకు తెలియదు. ఎదురింటి మనిషి గురించి తనకు తెలియని సంగతి ఒకటుందంటే ఆవిడకు అన్నం సహిస్తుందా?

పరీక్ష పెట్టాలనుకుంది. మనవరాలి ఇంగ్లీషు పుస్తకం తీసి, మధ్యలో ఒక పేజీ విప్పింది. పొట్టి పొట్టి వాక్యాలు, పది. అచ్చుపుస్తకం కాబట్టి ఒక్క తప్పు ఉండదు కదా, చుక్క పెట్టాడంటే దొంగ దొరికినట్టే. కారే పెన్నుతో, ముగ్గు వేసినట్టు ఒక్కో అక్షరమే చూసి గీస్తూ, మధ్యాహ్నమంతా కూర్చుని పదీ ఒక కాగితం మీదికి ఎక్కించింది. మెడ పట్టేసింది. అయినా సరే, అదే కాగితం పట్టుకుని ఎదురింటికి వెళ్ళింది.

"మా చుట్టాలమ్మాయి రాసింది మాస్టారూ. కాస్త చూడండి" అంది, కళ్ళార్పకుండా.

మాస్టారు కాగితం వంక చూశాడు. ఆవిడ వంక చూశాడు. అట్టముక్క తీశాడు. పది వాక్యాలకూ పది చుక్కలు పెట్టి ఇచ్చాడు.

పెద్దమ్మకు ఆనందం పట్టలేదు. ఒకటో రెండో పెడితే పొరపాటు అనుకోవచ్చు. పదికి పదా! అక్కణ్ణుంచి తిన్నగా కుట్టుమిషన్ ఆవిడ దగ్గరికి వెళ్ళింది.

"ఏమే, విన్నావా? అచ్చుపుస్తకానికే చుక్కలు పెట్టాడే మీ మాస్టారు! ఒక్క ముక్క రాదు ఆయనకి."

"నిజమా పెద్దమ్మా! మరి నా బోర్డు తుడిచి తుడిచి రంగు పోయిందే!"

సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోయింది. పెద్దమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, సాక్ష్యంగా జాకెట్లో దోపుకుని, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ విప్పి చూపించింది. మర్నాటి నుంచి కుంటి స్టూలు ఖాళీ. మాట బడి గేటు దాకా వెళ్ళిందని కూడా తెలిసింది. మాస్టారు మాత్రం అదే చొక్కాతో కుర్చీ అంచున కూర్చుని, పెద్దమ్మ కనబడితే ఎప్పటిలాగే తల ఊపేవాడు. మునుపటికన్నా కాస్త ఆప్యాయంగా ఊపుతున్నట్టు కూడా అనిపించింది ఆవిడకు. సిగ్గులేని మనిషి అనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం మనవరాలు నేల మీద బోర్లా పడుకుని పుస్తకంలో పెన్నుతో బరబరా గీతలు కొట్టేస్తోంది.

"ఏమే, అచ్చుపుస్తకం మీద ఆ గీతలేమిటే! కళ్ళు పోతాయి!"

"దిద్దమన్నారు నానమ్మా. ఇవన్నీ తప్పులు."

"అచ్చులో తప్పులేంటే?"

"కావాలనే తప్పులు వేస్తారు. మనం కనిపెట్టాలి. ఇదిగో చూడు, 'షీ డోంట్ లైక్ మిల్క్' అని ఉందా? డోంట్ కాదు, డజంట్."

పెద్దమ్మ వంగి చూసింది. ఆ పేజీ ఎక్కడో చూసినట్టుంది. ఎక్కడో ఏమిటి, మెడ పట్టేలా చూసిన పేజీయే.

"ఎన్నిట్లో ఉన్నాయే తప్పులు?"

"పదికి పదీ."

పెద్దమ్మ జాకెట్లోంచి కాగితం తీసి మనవరాలి ముందు పరిచింది. పిల్ల ఒక్కో చుక్కా చూసి, తను తెలియక వదిలేసిన మూడు తప్పులు కూడా చుక్కల్ని చూసే దిద్దుకుని, "ఎవరు నానమ్మా పెట్టింది? భలే పెట్టారే!" అంది.

రేపు సోమవారం. పెద్దమ్మ చెప్పులు తొడుక్కుని బయల్దేరింది. చెడ్డమాట గంటలో పంచిపెట్టిన మనిషికి మంచిమాట పంచడం అంత కష్టమని ఏ క్లాసులోనూ చెప్పలేదు. ఇస్త్రీ అతను, "మొన్న నువ్వేగా పెద్దమ్మా కాగితం చూపించి మరీ చెప్పావు?" అన్నాడు. కుట్టుమిషన్ ఆవిడ అయితే దారం తెంపుతూ, "ఆయనొచ్చి నీ కాళ్ళావేళ్ళా పడ్డాడా ఏంటి? జాలిపడి చెబుతున్నావు. నీ మనసే వెన్న పెద్దమ్మా!" అంది. తన మనసు వెన్న అన్నమాట జీవితంలో మొదటిసారి విన్నది పెద్దమ్మ, అదీ ఇలాంటప్పుడు.

సోమవారం బడి గంట కొట్టకముందే హెడ్మిస్ట్రెస్ గదిలో కూర్చుంది. చేతిలో మనవరాలి పుస్తకం, జాకెట్లో కాగితం.

"అమ్మా, ఆయనకి ఇంగ్లీషు రాదన్న మాట మీ దాకా వచ్చిందా?"

"వచ్చింది పెద్దమ్మగారూ. అందుకే వేరే ఆయనకి కబురు పంపిద్దామని..."

"ఆ మాట అన్నది నేనే. నాకే రాదు ఇంగ్లీషు!" అని మొదలుపెట్టి, పెన్ను కారడంతో సహా అంతా చెప్పేసింది. హెడ్మిస్ట్రెస్ పుస్తకం పక్కన కాగితం పెట్టి, వేలితో ఒక్కో చుక్కా చూసుకుంటూ వెళ్ళింది. మొదట పెదవి బిగపట్టింది, ఆరో వాక్యం దగ్గర ఇక ఆగలేక కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"ఇంతకన్నా సర్టిఫికెట్ ఎవరిస్తారండీ! ఈ కాగితం నా దగ్గరే ఉంచుతాను. రేపటి నుంచి రమ్మనండి."

పెద్దమ్మ ఇంటికి వెళ్ళలేదు. నేరుగా ఎదురింటికి వెళ్ళి, కుంటి స్టూలు మీద కూలబడి, కబురు చెప్పేసింది. మాస్టారు చెవి మీది పెన్సిలు తీసి, మళ్ళీ పెట్టుకుని, చొక్కా బొత్తాలు సరిచూసుకున్నాడు. కళ్ళు చెమ్మగిల్లినట్టు ఆవిడకు కనిపించింది. ఆవిడకు కనిపించనిదంటూ ఏముంటుంది కనుక!

ఇక ఉండబట్టలేక అడిగేసింది. "మాస్టారూ, వీధంతా మిమ్మల్ని ఏమీ రానివాణ్ణి చేశానే! ఉద్యోగం పోయేదే! ఆ పదీ తప్పులేనని ఒక్కమాట ఎందుకు అనలేదండీ?"

మాస్టారు వీధి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఎలా అంటానండీ? మీరు కాగితం ఇచ్చినప్పుడు మీ బొటనవేలికి సిరా ఉంది. చుట్టాలమ్మాయి అన్నారు గానీ, మీరే రాశారని తెలిసిపోయింది. ఈ వయసులో ఎవరికీ చెప్పకుండా ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు కాబోలు అనుకున్నాను. తప్పులని నలుగురిలో అంటే మీ పరువేం కాను? అయినా మొదటిసారికి వాక్యానికి ఒక్క తప్పంటే చాలా నయమండీ. రెండో కాగితం ఎప్పుడు తెస్తారా అని రోజూ చూస్తున్నాను."